కుటుంబ క్షేమము: సిగ్నలు అందని చోట ఆపద వస్తే



మన పులివెందుల, లింగాల ప్రాంతములో సెల్‌ఫోను లేని ఇల్లు ఇప్పుడు అరుదు. చీనీ తోటకు నీళ్లు కట్టబోయే రైతు జేబులో ఫోను ఉంటుంది. గొర్రెల వెంట గుట్ట ఎక్కే పిల్లవాని చేతిలోనూ ఉంటుంది. అయితే ఫోను ఉండటము వేరు, ఆపద వేళ ఆ ఫోను పలకటము వేరు. పార్నపల్లె వైపు గుట్టల నడుమ గాని, వంకల్లో గాని, పల్లములో ఉన్న అరటి తోటల్లో గాని ఫోను చేత పట్టుకొని కేకలు వేసినా అవతలివారికి మాట అందని చోట్లు ఉంటాయి. ఆ సంగతి అక్కడ సేద్యము చేసేవారికి మేము చెప్పనక్కర లేదు. పగటి పూట నాలుగు మాటలు మాట్లాడలేకపోతే పెద్ద నష్టము లేదు. రాత్రి పూట మోటారు వేయబోయిన మనిషిని పాము కరిచినప్పుడు అదే చోటు ప్రాణము మీదికి తెస్తుంది. కాబట్టి ఈ నెల ఈ పుటను ఆ విషయానికే కేటాయిస్తున్నాము. ఇంటిల్లిపాదీ కూర్చొని ఒకరు చదువుతుండగా తక్కినవారు వినండి.

మన పెద్దల కాలము ఒకసారి తలంచుకొందాము. లండన్ మిషన్ వారు జమ్మలమడుగులో స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రికి చుట్టుపట్ల పల్లెల నుండి రోగులను ఎద్దుల బండ్ల మీద, మంచాల మీద చేర్చేవారు. కబురు వెళ్లాలన్నా, రోగి వెళ్లాలన్నా ఒకటే వేగము. ఈ రోజుల్లో అట్లు కాదు. బండి మన వాకిటికే వస్తుంది. కబురు మాత్రము మనమే అందించాలి. కబురు అందక ఒక గంట పోతే, ఆ తరువాత బండి ఎంత వేగముగా వచ్చినా ఆ గంట తిరిగి రాదు.

ఈ గంట విలువ ఎంతో పాముకాటు లెక్కలు చెబుతాయి. మన దేశములో 2000 నుండి 2019 వరకు పాముకాటు వలన చనిపోయినవారు సుమారు 12 లక్షల మంది అని 2020లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. అనగా ఏటా సగటున 58,000 మంది. ఆ మరణాల్లో 70 శాతము వరకు ఎనిమిది రాష్ట్రాల పల్లెల్లోనే జరిగాయి. ఆ ఎనిమిదింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాము విషానికి మందు ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితముగా ఇస్తారు. మందు ఉండి కూడా ఇంతమంది పోవటానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి, మనిషి మందు దగ్గరకు ఆలస్యముగా చేరటము.

ఫోను ఎందుకు పలకదు?

సెల్‌ఫోను అనేది ఒక చిన్న రేడియో. మన మాటను అలలుగా మార్చి టవరుకు పంపుతుంది. టవరు మాటను అందుకొని మనకు వినిపిస్తుంది. ఈ అలలు చాలావరకు తిన్నగా పోతాయి. దీపము ముందు మనిషి నిలిస్తే వెనుక నీడ పడినట్లే, టవరుకూ మనకూ మధ్య గుట్ట ఉంటే గుట్ట వెనుక సిగ్నలు నీడ పడుతుంది. రేకుల షెడ్డు, కాంక్రీటు మిద్దె, లారీ క్యాబిను, నీరు నిండిన దట్టమైన ఆకుల తోట, ఇవన్నీ సిగ్నలును కొంత కొంత తగ్గిస్తాయి.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. ఫోను మీద ఒకటి రెండు గీతలు కనబడుతుంటాయి, కాని ఫోను చేస్తే కలవదు. ఇదేమి చిత్రమని విసుగుకొంటాము. ఆ గీతలు టవరు మాట మనకు ఎంత బాగా వినబడుతున్నదో చెబుతాయి. మన మాట టవరుకు ఎంత వినబడుతున్నదో అవి చెప్పవు. టవరుది పెద్ద గొంతు. మన ఫోనుది చిన్న గొంతు. పాత 2జీ ఫోను అత్యధికముగా 2 వాట్ల శక్తితో పలుకుతుంది. 4జీ ఫోను శక్తి 0.2 వాటు మాత్రమే. కాబట్టి దూరాన ఉన్న టవరు మాట మనకు వినబడుతున్నా, మన పిలుపు దారిలోనే సన్నగిల్లిపోవచ్చు. అటువంటి చోట పది మార్లు అదే నంబరు నొక్కుతూ నిలబడటము కంటే, ఆ చోటు విడిచి ఎత్తుకు వెళ్లటము మేలు.

ఫోను రకము కూడా ఒక కారణమే. పాత 2జీ కీప్యాడు ఫోనుకు జియో టవరు పనికిరాదు, ఎందుకంటే ఆ సంస్థ 4జీ, 5జీ సేవలు మాత్రమే ఇస్తున్నది. మీ పొలములో ఏ కంపెనీ టవరు అందుతున్నది, మీ చేతిలో ఉన్న ఫోను దానిని అందుకోగలదా అనేది ముందే తెలిసి ఉండాలి. ఇంట్లో అందరి సిమ్ములూ ఒకే కంపెనీవి అయితే ఆ కంపెనీ టవరు ఆగిన రోజున ఇల్లంతా మూగబోతుంది. రెండు సిమ్ములు పట్టే ఫోను అయితే రెండు వేర్వేరు కంపెనీలవి వేసుకోవటము తెలివైన పని.

108, 112: రెండింటికీ తేడా

108 అంబులెన్సు సంగతి మన ప్రాంతములో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవ మొదలైంది. పులివెందుల నుండి ఎన్నికైన డాక్టర్ వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలములోనే అది ఉమ్మడి రాష్ట్రమంతటా వ్యాపించింది. తరువాత ఎన్నో రాష్ట్రాలు దానిని తీసుకొన్నాయి. ఈ నంబరుకు ఫోను చేయటానికి డబ్బు పడదు.

112 అనేది దేశమంతటికీ ఒకే అత్యవసర నంబరు. పోలీసు, అగ్నిమాపక దళము, అంబులెన్సు, దేనికైనా ఈ ఒక్క నంబరు చాలు. మన దేశములో 2018లో హిమాచల్ ప్రదేశ్‌లో దీనిని ప్రారంభించారు. 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా మరికొన్ని రాష్ట్రాలకు వచ్చింది. ఐరోపా దేశాలు 1991లోనే ఈ అంకెను తమ ఉమ్మడి నంబరుగా నిర్ణయించుకొన్నాయి. అందుచేత ప్రపంచములో ఎక్కడ తయారైన సెల్‌ఫోను అయినా 112ను మామూలు నంబరుగా కాక ఆపద నంబరుగా గుర్తిస్తుంది.

సిగ్నలు సరిగా లేని చోట ఈ తేడాయే ముఖ్యము. మామూలు నంబరుకు చేసినప్పుడు మన ఫోను మన సిమ్ము కంపెనీ టవరును మాత్రమే అడుగుతుంది. 112కు చేసినప్పుడు, మన కంపెనీ టవరు అందకపోతే, దగ్గరలో ఏ కంపెనీ టవరు అందినా దాని ద్వారా పిలుపు పంపటానికి ప్రయత్నిస్తుంది. కొన్నిసార్లు ఫోను తెర మీద ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అనే మాట కనబడుతుంది. దానిని చూసి సిగ్నలు లేదనుకొని చాలామంది ఫోను జేబులో పెట్టుకొంటారు. నిజానికి ఆ మాటకు అర్థము, మీ కంపెనీ టవరు లేదు గాని వేరొకరి టవరు ఉన్నది, ఆపద పిలుపు పోతుంది అని. ఫోను తాళము వేసి ఉన్నా, దాని రహస్య సంఖ్య తెలియకపోయినా, తెర మీద ఉండే ‘ఎమర్జెన్సీ’ అనే మాటను తాకి 112 నొక్కవచ్చు. రోడ్డు ప్రక్కన స్పృహ లేక పడియున్న మనిషి ఫోనుతో కూడా ఈ సహాయము పిలువవచ్చు.

అయితే ఒక అపోహను ఇక్కడే తీసివేయాలి. ఎక్కడా సిగ్నలు లేకపోయినా 112 కలుస్తుందని కొందరు చెప్పుకొంటారు. అది నిజము కాదు. ఏ కంపెనీ టవరూ అందని చోట 112 కూడా అందదు. దానిని నమ్మి లోయలోనే కూర్చొన్నవారు కాలము పోగొట్టుకొంటారు.

వేలు వణికే వేళ నంబరు నొక్కలేనివారి కోసము ఒక ఏర్పాటు ఉన్నది. కీప్యాడు ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకొంటే, తెర ఫోనులో పవరు బటనును వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే ఆపద పిలుపు వెళ్లేటట్లు అమర్చాలని కేంద్ర ప్రభుత్వము 2016లో నియమము చేసింది. కొన్ని ఫోనుల్లో అయిదుసార్లు నొక్కాలి. మీ ఫోనులో ఎట్లున్నదో సెట్టింగుల్లో చూసి తెలుసుకోండి, ఇంటి పిల్లలను అడిగినా చూపిస్తారు. పరీక్షించటానికని ఉత్తపుణ్యానికి 112కు ఫోను చేయవద్దు. ఆ నిమిషములో మరొకరి పిలుపు నిలిచిపోవచ్చు.

ఒకే పిలుపులో అంతా చెప్పండి

108కి ఫోను చేసిన తరువాత అంబులెన్సు సిబ్బంది దారి అడగటానికి తిరిగి మనకు ఫోను చేస్తారు. సిగ్నలు తక్కువ ఉన్న ఊళ్లలో పని చెడేది తరచుగా ఇక్కడే. మనిషి మిట్ట ఎక్కి ఫోను చేస్తాడు. కబురు అందిందని సంతోషించి రోగి దగ్గరకు పరుగెత్తి దిగివస్తాడు. అక్కడ సిగ్నలు లేదు. అంబులెన్సువారు ఎన్నిసార్లు చేసినా ఫోను కలవదు. వారు ఊరి బయట నిలబడి ఎటు పోవాలో తెలియక చూస్తుంటారు. కాబట్టి ఫోను చేసినవారు ఆ మిట్ట మీదనే ఉండాలి. బండి వచ్చి రోగిని చేరేవరకు దిగిరాకూడదు.

వేరే కంపెనీ టవరు మీద 112కు చేసినప్పుడు ఇంకొక చిక్కు ఉన్నది. ఆ టవరు మన ఆపద పిలుపును మాత్రమే మోస్తుంది. అవతలివారు తిరిగి చేస్తే మన ఫోను మ్రోగకపోవచ్చు. అందువలన ఆ ఒక్క పిలుపులోనే సంగతి అంతా చెప్పాలి. అవతలివారు చాలు అనేంతవరకు ఫోను పెట్టివేయకూడదు. సిగ్నలు బాగా ఉన్న చోట ఉండే మరొకరి నంబరు కూడా ఇవ్వాలి.

ఏమి చెప్పాలి? మొదట అంబులెన్సు కావాలని చెప్పండి, ఎందుకంటే 112కు పోలీసు కోసము, నిప్పు కోసము కూడా పిలుస్తారు. తరువాత చోటు చెప్పండి. మాట మధ్యలో తెగిపోయినా చోటు తెలిస్తే బండి బయలుదేరగలదు. ఆ తరువాత ఏమి జరిగింది, ఎంతమందికి, మనిషికి స్పృహ ఉన్నదా, ఊపిరి ఆడుతున్నదా అనేవి చెప్పండి.

చోటు చెప్పటములో మన ఊరివారికి ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరము. లింగాల అంటే మనకు మన లింగాలే. కాని తెలంగాణలో నాగర్‌కర్నూలు జిల్లాలో కూడా లింగాల మండలము ఉన్నది. ఇతర జిల్లాల్లో కూడా ఆ పేరుగల ఊళ్లున్నాయి. ‘లింగాల దగ్గర తోట’ అంటే ఎక్కడో కూర్చొని ఫోను ఎత్తిన మనిషికి ఏమి తెలుస్తుంది? ‘కడప జిల్లా, పులివెందుల దగ్గర, లింగాల మండలము, ఫలానా ఊరు, ఊరికి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లు’ అని వరుసగా చెప్పాలి. తోటకు యజమాని పేరుతో గుర్తు చెప్పటము ఊరివారికి సరిపోతుంది గాని బయటివారికి సరిపోదు. ట్యాంకు, బడి, చర్చి, గుడి, కాలువ వంతెన, ఇటువంటి కనబడే గుర్తులు చెప్పాలి. మన మండలము అంచున ఉన్న పొలాల్లో ఫోనుకు ప్రక్క జిల్లా టవరు తగలవచ్చు. కాబట్టి జిల్లా పేరు తప్పక చెప్పండి.

ఇంకొక మంచి ఉపాయము ఉన్నది. తెర ఫోను తాను ఎక్కడ ఉన్నదో ఆకాశములోని ఉపగ్రహాల ద్వారా తెలుసుకొంటుంది. దీనికి టవరు అవసరము లేదు. ఆ చోటును రెండు సంఖ్యలుగా చూపుతుంది. మన పులివెందుల ప్రాంతములో ఒక సంఖ్య 14తో మొదలవుతుంది, రెండవది 78 దరిదాపుల్లో ఉంటుంది. తీరికగా ఉన్న రోజున తోటలో నిలబడి, తెలిసిన పిల్లవానితో ఆ రెండు సంఖ్యలు చూపించుకొని, మోటారు స్టార్టరు పెట్టె మూత లోపల పెయింటుతో వ్రాసిపెట్టండి. ఆపద వేళ కూలికి వచ్చిన మనిషి అయినా వాటిని చదివి చెప్పగలడు.

సిగ్నలు లేనే లేకపోతే

అన్నిటికంటె మొదటి పని ఎత్తుకు వెళ్లటము. గుట్ట పూర్తిగా ఎక్కనక్కర లేదు, టవరు ఉన్న దిక్కుకు ఏ అడ్డమూ లేని మిట్ట చాలు. షెడ్డులో ఉంటే బయటికి రండి. ఫోనును ఒకసారి ‘ఫ్లయిట్ మోడ్’లో పెట్టి తీసివేస్తే అది మరల కొత్తగా టవరును వెదుకుతుంది.

మాట పోకపోయినా ఎస్‌ఎమ్మెస్ పోవచ్చు. మాటకు దారి ఆగకుండా తెరచి ఉండాలి. ఎస్‌ఎమ్మెస్‌కు ఒక్క క్షణము దొరికితే చాలు. అందుచేత మూడు నాలుగు మాటల్లో చోటు, సంగతి వ్రాసి, సిగ్నలు బాగా ఉన్న ఊరిలో ఉండే బంధువుకు పంపండి. ‘అంబకపల్లె పై తోట, నాన్నకు పాము కరిచింది, 108 పంపు’ అంటే చాలు. వాట్సాపుకు ఇంటర్నెట్టు కావాలి గనుక అటువంటి చోట దాని మీద ఆధారపడవద్దు.

ఆ బంధువు ఎవరు అనేది కూడా ఆలోచించి పెట్టుకోవాలి. మన పల్లెల నుండి ఎందరో కువైటుకు, బెంగుళూరుకు, హైదరాబాదుకు వెళ్లి బ్రతుకుతున్నారు. కష్టము వస్తే మొదట వారికే చెప్పుకోవటము మనకు అలవాటు. కాని బెంగుళూరులో ఉన్న కుమారుడు 108 నొక్కితే అది కర్ణాటక అంబులెన్సు కేంద్రానికి పోతుంది. హైదరాబాదులో ఉన్న కుమార్తె నొక్కితే తెలంగాణకు పోతుంది. కువైటులో 112 నొక్కితే కువైటు పోలీసులు పలుకుతారు. కాబట్టి మన జిల్లాలోనే, పులివెందులలోనో కడపలోనో ఉండే ఒకరిని ఇందుకు ముందే ఏర్పరచుకొని, వారికి చెప్పి ఉంచండి.

ఇంట్లో ఇంటర్నెట్టు తీగ ఉన్నవారికి మరొక దారి ఉన్నది. తీగ ద్వారా వచ్చే వైఫైతో మామూలు ఫోను మాట్లాడే సౌకర్యము 2019 డిసెంబరు నుండి మన దేశములో వచ్చింది. చాలా తెర ఫోనుల్లో సెట్టింగుల్లో ‘వైఫై కాలింగ్’ అని ఉంటుంది. టవరు అందని ఇంట్లో కూడా అది పనిచేస్తుంది. కరెంటు పోతే మాత్రము అదీ ఆగుతుంది.

చార్జింగు సంగతి మరువవద్దు. సిగ్నలు లేని చోట ఫోను టవరు కోసము మాటిమాటికి వెదకుతూ తన చార్జింగును తానే తినివేస్తుంది. పగలంతా పాటలు వింటూ, రాత్రికి నాలుగు శాతము మిగిలిన ఫోనుతో తోటకు పోవటము, నూనె లేని దీపముతో పోవటము వంటిదే. రాత్రి తోటకు పోయేవారు ఒక చిన్న కీప్యాడు ఫోనును నిండుగా చార్జి చేసి అదనముగా తీసుకుపోవటము మంచిది. వీలైనంతవరకు రాత్రి ఒంటరిగా పోవద్దు. పోక తప్పనప్పుడు ఎటు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. చెప్పిన వేళకు రాకపోతే ఇంటివారు వెదకటానికి బయలుదేరాలి. ఈ ఏర్పాటుకు ఏ టవరూ అవసరము లేదు.

ముగ్గురు మనుష్యులు, మూడు పనులు

ఆపద జరిగిన చోట పదిమంది ఉంటే పదిమందీ రోగి చుట్టూ గుమిగూడటము మన అలవాటు. అట్లు కాక పని పంచుకోవాలి. ఒకరు రోగి దగ్గర ఉండాలి. ఒకరు ఫోనుతో మిట్ట మీద ఉండాలి. ఒకరు రోడ్డు మీద, దారి చీలే చోట, రాత్రి అయితే టార్చి పట్టుకొని నిలబడాలి. బండి లైటు కనబడగానే చెయ్యి ఊపి తోటలోకి దారి చూపాలి.

ఇద్దరే ఉంటే? రోగిని నడిపించకుండా స్థిరముగా పడుకోబెట్టి, రెండవవారు సిగ్నలు చోటుకు పోయి కబురు చెప్పి రావాలి. సిగ్నలు చోటు చాలా దూరమైతే కబురు కోసము కూర్చోకుండా, ఉన్న వాహనములో రోగిని రోడ్డు వైపు తరలించటము మంచిది. దారిలో సిగ్నలు దొరికిన చోట 108కు చెబితే వారు ఎదురు వస్తారు. మోటారు సైకిలు తప్ప మరేమీ లేకపోతే, పాము కరిచిన మనిషిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, వెనుకనున్నవారు గట్టిగా పట్టుకొని తీసుకుపోవచ్చు. ప్రమాదములో మెడకు, వెన్నుకు దెబ్బ తగిలినవారిని మాత్రము అట్లు కదపకూడదు.

పాముకాటుకు కోయటము, నోటితో పీల్చటము, గట్టిగా త్రాడు బిగించి కట్టటము, పసరు పూయటము, ఇవేవీ చేయవద్దు. కాటు పడిన కాలిని గాని చేతిని గాని విరిగిన ఎముకకు కట్టినట్లు బద్ద పెట్టి కదలకుండా ఉంచండి. ఉంగరాలు, కడియాలు, మొలత్రాడు వంటి బిగుతైనవి తీసివేయండి. పామును పట్టుకొనే ప్రయత్నములో కాలము పోగొట్టవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి, ఈ నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే మందు ఒక్కటే. కట్లపాము కరిస్తే నొప్పి లేకపోవచ్చు, గాటు కూడా సరిగా కనబడకపోవచ్చు. నొప్పి లేదు గదా అని ఉదయము వరకు ఆగవద్దు.

సాక్ష్యము భయము

రోడ్డు ప్రక్కన దెబ్బ తిన్న మనిషిని చూసి కూడా కొందరు ఫోను చేయరు. పోలీసులు పేరు వ్రాసుకొంటారు, కోర్టుల చుట్టూ తిప్పుతారు, ఆసుపత్రివారు డబ్బు అడుగుతారు అని భయము. ఈ భయము ఒకప్పుడు ఊరికే పుట్టినది కాదు. ఇప్పుడు చట్టము మారింది. సహాయము చేసినవారిని వేధించకూడదని కేంద్రము ఇచ్చిన మార్గదర్శకాలను 2016లో సుప్రీము కోర్టు అందరూ పాటించవలసినవిగా చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టములో 134ఏ అనే సెక్షను చేర్చారు. ప్రమాదములో గాయపడినవారికి మంచి మనస్సుతో, ప్రతిఫలము కోరకుండా సహాయము చేసిన మనిషి మీద కేసు ఉండదు. పేరు, చిరునామా చెప్పమని అతన్ని బలవంతము చేయకూడదు. సాక్ష్యము ఇవ్వటము అతని ఇష్టము.

ఆ చట్టములో అటువంటి మనిషికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? ‘గుడ్ సమరిటన్’, మనము ఆదివారపు బడిలో నేర్చుకొన్న మంచి సమరయుడు. యెరికో దారిలో పడియున్న మనిషిని చూసి ఇద్దరు ప్రక్కగా పోయారు. మూడవవాడు ఆగాడు. గాయాలు కట్టాడు, తన పశువు మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చి ఖర్చు కూడా తానే పెట్టుకొన్నాడు. దేశపు చట్టమే ఆ పేరు పెట్టుకొన్న తరువాత మనము ప్రక్కగా పోవటానికి సాకు ఏముంది?

టవరు కోసము అడగటము

గొప్పవారికైనా అడవిలో కబురు అందని సంగతి మన జిల్లా ఎన్నటికీ మరువలేదు. 2009 సెప్టెంబరు 2 ఉదయము రాజశేఖర రెడ్డి గారు మరి నలుగురితో హైదరాబాదు బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర అది కూలింది. వాయుసేన విమానాలు, ఇస్రో ఉపగ్రహము, పోలీసులు, అటవీ సిబ్బంది, అడవి తెలిసిన మనుష్యులు అందరూ వెదికారు. ఆచూకీ తెలిసేసరికి మరునాటి ఉదయమైంది. రాష్ట్రమంతటికీ 108 ఇచ్చిన ముఖ్యమంత్రి ఎక్కడున్నాడో చెప్పే కబురు ఒక పగలు, ఒక రాత్రి రాలేదు. అప్పుడు రాష్ట్రమంతా ఎదురుచూసిన ఎదురుచూపును, సిగ్నలు లేని తోట నుండి మనిషి రాని ప్రతి రాత్రి ఒక ఇల్లాలు ఒంటరిగా చూస్తుంది.

ఆ తరువాత కొంత పని జరిగింది. 2021లో కేంద్రము అయిదు రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లో సిగ్నలు లేని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వటానికి నిర్ణయించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు 1,218. 2023 జూన్ 15న మన రాష్ట్రములో ఒకేసారి 100 టవర్లు ప్రారంభమైనాయి. వాటిలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాకు, 10 పార్వతీపురం మన్యము జిల్లాకు, 3 అన్నమయ్య జిల్లాకు, 2 మన కడప జిల్లాకు వచ్చాయి. గర్భిణీ స్త్రీలను డోలీ కట్టి మోసుకొచ్చే మన్యానికి ఎక్కువ ఇవ్వటము న్యాయమే. 2025 జనవరిలో మరొక మంచి పని జరిగింది. ప్రభుత్వ నిధితో కట్టిన టవర్లను ఒక కంపెనీవారే గాక ఇతర కంపెనీల సిమ్ము ఉన్నవారు కూడా వాడుకొనే ఏర్పాటు మొదలైంది.

మన మండలములో సిగ్నలు లేని చోట్లు ఏవో పై అధికారులకు మనము చెప్పకపోతే తెలియదు. కంపెనీలు తమ సేవ ఎక్కడెక్కడ ఉన్నదో పటాలు చేసి ఇంటర్నెట్టులో పెట్టాయి. పటములో రంగు పూసి ఉన్నంత మాత్రాన వంకలో ఫోను పలకదు. కాబట్టి సంఘపు యౌవనస్థులు రెండు మూడు కంపెనీల ఫోనులు పట్టుకొని ఊరి చుట్టూ తోటల్లో తిరిగి, ఏ చోట ఏది పలుకుతున్నది, ఏది పలకటము లేదు అని ఒక కాగితము మీద వ్రాయాలి. ఆ కాగితము జత చేసి గ్రామ సచివాలయములోను, సోమవారము కలెక్టరు కార్యాలయములో అర్జీలు తీసుకొనే చోటను ఇవ్వండి. ‘మా ఊరికి సిగ్నలు లేదు’ అనే అర్జీ కంటే ‘ఫలానా మూడు చోట్ల ఏ ఫోనూ పలకదు, అక్కడ ఇన్ని కుటుంబాలు రాత్రింబవళ్లు పనిచేస్తాయి’ అనే అర్జీకి బలము ఎక్కువ. టవరు వచ్చినప్పుడు అది ఒక మతమువారికో, ఒక పార్టీవారికో రాదు, ఊరందరికీ వస్తుంది. కాబట్టి ఊరందరినీ కలుపుకొని అడగండి.

ఈ నెల చేయవలసినది

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పది నిమిషాలు కూర్చోండి. మీ ఊరిలో, మీ తోటల దగ్గర ఫోను పలికే మిట్టలు ఏవో పెద్దలు చెప్పగా ఒకరు వ్రాయండి. ఆ మిట్టకు ఒక రాయి నాటి సున్నము కొట్టండి, రాత్రి టార్చి వెలుగుకు కనబడుతుంది. సంఘములో వాహనము ఉన్నవారు ఎవరు, రాత్రి పిలిచినా లేచేవారు ఎవరు అనేది తెలుసుకొని, వారి పేర్లు, నంబర్లు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో వ్రాసి, చర్చి గోడకు, ఊరి అంగడిలో, ప్రతి ఇంట తలుపు వెనుక తగిలించండి. చదువు రాని అవ్వలకు, తాతలకు 112 అనే మూడు అంకెలు నొక్కటము పిల్లలు నేర్పాలి. ఫోను నిజముగా చేయకుండా, అంకెలు చూపించి నేర్పాలి. ‘కడప జిల్లా, లింగాల మండలము’ అని మొదలుపెట్టి ఇంటి చోటు చెప్పటము పిల్లలందరికీ కంఠతా రావాలి.

ఇందులో ఏదీ డబ్బుతో కూడిన పని కాదు. ఒక డబ్బా సున్నము, ఒక అట్ట, ఒక కుంచె, పది నిమిషాల కాలము చాలు. చీనీ కాయల బండ్లు కట్టే రోజులు వస్తే ఎవరికీ తీరిక ఉండదు. కాబట్టి ఈ ఆదివారమే చేయండి.